దేహపు వేడిమి నుండి విద్యుచ్ఛక్తి

(పాఠశాల వార్షికోత్సవ సభలో తల్లిదండ్రుల నుద్దేశించి చేసిన ప్రసంగ పాఠము)

 

విజ్ఞానశాస్త్రమును గూర్చి అందరికి తెలియునట్లు ఏదైన చెప్పవలసినదని కార్యదర్శిగారు నన్ను కోరినారు. విజ్ఞానమనగానే ఆకాశమున కెగయు రాకెట్టును, చంద్రుని మీద దిగు నౌకను చెప్పుట వాడుక. అవి గొప్ప విషయములే. కాని నేనీనాడు అంత దూరము పోను. మా అమ్మగారి చెవి దగ్గర మొదలు పెట్టెదను.

మా అమ్మగారికి వయసు మీరిన తరువాత వినికిడి తగ్గినది. చెవిలో పెట్టుకొను యంత్రము నొకదానిని కొని యిచ్చితిమి. దానికి శనగగింజంత బ్యాటరీ కావలెను. అది వారము పది దినములు పనిచేసి ఆగిపోవును. మా పల్లెలో అది దొరకదు. చింతామణికి బస్సెక్కి పోయి తేవలెను. కొన్ని సంవత్సరముల క్రిందట మా అన్నగారి కుమార్తె వివాహమైనది. సరిగా ముహూర్తపు వేళకు బ్యాటరీ అయిపోయినది. మారు బ్యాటరీ ఇంటిలో మరచి వచ్చితిమి. ఆ దినము ఆదివారము, అంగడి మూసి యుండెను. ఆమె పందిటిలో అందరి ముఖములను చూచి నవ్వుచు కూర్చున్నది. సాయంత్రము నన్ను పిలిచి, “ఏమిరా, ముహూర్తానికి మేళమే వాయించలేదే?” అని అడిగినది. మేళము వాయించిరి; ఆమెకు నాలుగు బారల దూరములోనే వాయించిరి.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. భౌతికశాస్త్రము బోధించువాడను గనుక లెక్క వేసికొంటిని. ఆ చెవి యంత్రము నడుచుటకు కావలసిన శక్తి సుమారు ఒక మిల్లీవాటు, అనగా వాటులో వేయవ వంతు. ఊరక కూర్చున్న మనిషి శరీరము వేడిమి రూపమున వెలుపలికి విడుచు శక్తియో, ఇంచుమించు 100 వాట్లు. అనగా అమ్మగారు తనకు కావలసినదానికి దాదాపు లక్ష రెట్ల శక్తిని ఆ పెండ్లి పందిటి గాలిలోనికి విడుచుచు, ఒక్క మిల్లీవాటు లేక మంగళవాద్యమును వినలేక పోయినది. ఆ లక్షలో ఒక వంతును మనము పట్టుకొనలేమా? ఈనాటి నా ప్రసంగమంతయు ఈ ఒక్క ప్రశ్నకు జవాబు.

ఈ వేడిమి నుండి విద్యుత్తు పుట్టునన్న సంగతి క్రొత్తది కాదు. 1821లో టామస్ జొహాన్ సీబెక్ అను శాస్త్రజ్ఞుడు రెండు వేర్వేరు లోహములను రెండు చివరల వద్దను కలిపి వలయముగా చేసి, ఒక అతుకును వేడి చేసి, రెండవదానిని చల్లగా నుంచెను. దగ్గరనున్న దిక్సూచి ముల్లు కదలినది. ఆయన దానిని అయస్కాంతపు గుణమే అనుకొనెను. అది కాదు, లోహములలో విద్యుత్తు ప్రవహించుట చేతనే ముల్లు కదలినదని అదే కాలమున నుండిన ఓర్‌స్టెడ్ అను డేనిష్ శాస్త్రజ్ఞుడు గ్రహించి, దీనికి ఉష్ణవిద్యుత్తు అని పేరు పెట్టెను. చూచినది ఒకరు, అర్థము సరిచేసినది మరియొకరు. శాస్త్రములో ఇట్లే జరుగును. కనుక పిల్లవాడు పరీక్షలో ఒకమారు తప్పు వ్రాసినంతనే వానికి సైన్సు రాదని తీర్మానము చేయకుడు.

దీని కారణము కష్టమైనది కాదు. లోహముల లోపల ఎలక్ట్రానులను విద్యుత్కణములు స్వేచ్ఛగా తిరుగుచుండును. ఒక చివర వేడెక్కినప్పుడు అక్కడి కణములు చురుకై, చల్లని చివర వైపునకు తరలును. వేడి చివర కొరతయు, చల్లని చివర పోగును ఏర్పడును. ఆ రెండింటిని తీగెతో కలిపినచో ప్రవాహము పుట్టును. అంతే.

ఇప్పుడు ఈ బల్ల మీద చూడుడు. తెల్లని యీ చిన్న పలకను పెల్టియే పలక అందురు. పెల్టియే అను ఫ్రెంచి దేశీయుడు 1834లో దీనికి విలోమమైన గుణమును, అనగా విద్యుత్తును పంపిన ఒక ప్రక్క చల్లబడుటను, కనుగొనెను. కనుకనే ఈ పలకలు చిన్న శీతల పెట్టెలలో వాడబడుచున్నవి. రెండు మూడు వందల రూపాయలకు బెంగళూరు అంగళ్ళలో దొరకును. దీని తీగెలను మన పాఠశాల గాల్వనామీటరునకు తగిలించినాను. ముందు వరుసలోని పెద్దమ్మగారు దయచేసి అరచేతిని చాపవలెను. పలకను చేతి మీద ఉంచి, దానిపై చల్లని నీళ్ళ గ్లాసును పెట్టుచున్నాను.

(ఇచ్చట గాల్వనామీటరు ముల్లు కదలుట సభ్యులకు చూపబడినది.)

ముల్లు కదలినది. ఆ కదలికకు కారణము బ్యాటరీ కాదు. పెద్దమ్మగారి చేతి వేడిమి. ఇప్పుడు నీళ్ళ గ్లాసును తీసివేయుచున్నాను. రెండు నిముషములు ఓపిక పట్టుడు. ముల్లు మెల్లగా వెనుకకు వచ్చుచున్నది గదా. పెద్దమ్మగారి చేయి చల్లబడలేదు. వేడి అట్లే యున్నది. మరి ముల్లెందుకు పడినది? పలక రెండవ ప్రక్క కూడ చేతివలెనే వెచ్చబడినందున. ఈ రెండు నిముషములలో మీరు చూచినదే ఈ శాస్త్రమంతటికి ఆయువుపట్టు. విద్యుత్తు నిచ్చునది వేడి కాదు, వేడిలోని భేదము.

దీనిని మనకు తెలిసిన నీటితో పోల్చి చెప్పెదను. మన జిల్లాలో చెరువులెన్నో కలవు. నిండిన చెరువులో నీరెంత యున్నను అది నిలిచి యున్నంత కాలము చక్రమును త్రిప్పదు. పల్లమునకు దూకు నీరే చక్రమును త్రిప్పును. 1902లో శివనసముద్రము వద్ద కావేరి నీటి దూకుడు నుండి విద్యుత్తును తీసి, 92 మైళ్ళ దూరమున నున్న కోలారు బంగారు గనులకు పంపిరి. ఆ విద్యుత్కేంద్రమునకు ఎండకాలమున నీరు తగ్గకుండుటకు గూడ కృష్ణరాజసాగరము కట్టబడినది. దానిని కట్టించిన మోక్షగుండము విశ్వేశ్వరయ్యగారు మన ముద్దేనహళ్ళిలో పుట్టి, మన చిక్కబళ్ళాపురములో అక్షరములు దిద్దినవారు. శివనసముద్రమున నీరు చాల ఎత్తు నుండి పడును. మన దేహపు వేడిమియో, పెద్ద చెరువులో నిండుగా నీరుండియు మూరెడు ఎత్తు మాత్రమే దూకునట్టిది. చర్మపు వేడి సుమారు 33 డిగ్రీలు. గదిలోని గాలి 25 డిగ్రీలు. భేదము 8 డిగ్రీలు. ఇంత చిన్న భేదము నుండి ఎంతటి గొప్ప యంత్రమును నూటికి మూడు పాళ్ళకు మించి శక్తిని తీయలేదని ప్రకృతి శాసనము. వాస్తవమున అందునది దానిలో కొద్ది భాగమే.

కనుక పుష్యమాసపు చలిలో ఉదయమే పొలమునకు పోవు రైతు చేతికి కట్టిన పట్టీ బాగుగా పనిచేయును. ఏప్రిల్ నెలలో బాగేపల్లి ఎండలో మిట్టమధ్యాహ్నము గాలి కూడ చర్మమంత వేడిగా నుండునప్పుడు అదే పట్టీ ఊరకుండును. ఈ సంగతి దాచి, దేహమే బ్యాటరీ యని చెప్పువారి మాట నమ్మకుడు.

ఇక పట్టీని తయారుచేయు విధమును చెప్పెదను. ఇందులకు పనికివచ్చు పదార్థమునకు రెండు విరుద్ధ గుణములు కావలెను. విద్యుత్తును సులభముగా పోనీయవలెను. వేడిని మాత్రము పోనీయరాదు. వేడి త్వరగా దాటిపోయినచో రెండు ప్రక్కలు సమానమై ముల్లు పడిపోవును. రాగి విద్యుత్తును బాగుగా పోనిచ్చును, వేడిని కూడ అంతే బాగుగా పోనిచ్చును. కఱ్ఱ రెండింటిని ఆపును. రెండిటి నడుమ నున్న పదార్థమును వెదకగా, 1950 దశకమున బిస్మత్తు, టెల్లూరియములను రెండు మూలకముల సమ్మేళనము దొరికినది. నేటికిని మన దేహపు వేడిమికి తగిన పదార్థములలో ఇదియే ముఖ్యము. దీనిలో రెండు జాతులను చేయుదురు. ఒకదానిలో ఋణ విద్యుత్కణములు కదలును. రెండవదానిలో ఆ కణముల ఖాళీలు ధనకణములవలె కదలును. చిన్న చిన్న స్తంభములుగా కోసి, ఆ జాతి నొకటి ఈ జాతి నొకటి ప్రక్క ప్రక్కన నిలిపి, రాగి రేకులతో క్రింద నొకమారు పైన నొకమారు కలుపుచు పోదురు.

మన తల్లులు మల్లెలను కనకాంబరములను మార్చి మార్చి మాల కట్టుదురు గదా, ఇదియు నట్టిదే. వేడి ప్రతి పువ్వులోను క్రింది నుండి పైకి ఒక్కమారే పోవును. విద్యుత్తు మాత్రము దారము వెంబడి మొదటి పువ్వు నుండి చివరి పువ్వు వరకు నడచును. ఒక డిగ్రీ భేదమునకు ఒక జత ఇచ్చునది మిల్లీవోల్టులో సగమైన కాదు, సుమారు 0.4 మిల్లీవోల్టు. నూరు జతల మాల కట్టినచో 40 మిల్లీవోల్టులు వచ్చును. 20 మిల్లీవోల్టులు అందినంతనే దానిని కొన్ని వోల్టులకు పెంచగల చిన్న సర్క్యూట్లు ఇప్పుడు దొరకుచున్నవి. వచ్చినదానిని వచ్చినట్లు ఒక చిన్న నిల్వ పాత్రలో కూడబెట్టి, కావలసినప్పుడు వాడుదురు. చీటీ వేసి కూడబెట్టు గృహిణులకు ఈ పద్ధతిని నేను వివరింప నక్కరలేదు.

ఇంతవరకు బాగుగనే యున్నది. చిక్కు ఇక్కడ నున్నది. బిస్మత్తు టెల్లూరైడు పెళుసు. సుద్దముక్కవలె విరుగును. చేయి వంగును, మణికట్టు తిరుగును, పిల్లవాడు పరుగెత్తి పడును. పలక చర్మమునకు పూర్తిగా అంటకున్నచో నడుమ గాలి చేరి, ఉన్న కొద్ది భేదము ఆ గాలిలోనే పోవును. చింతామణి తాలూకా కైవారములో వెలసిన యోగి నారాయణ తాతయ్యగారు మొదట గాజులమ్మి జీవించినవారని మనకందరకు తెలియును. గాజులు తొడుగువారికి చేతి సంగతి తెలియును. ఎముకను నొప్పింపక, చేతి మెత్తదనమును బట్టి గాజు నెక్కింతురు. ఈ శాస్త్రజ్ఞులకు వచ్చిన కష్టము గూడ గాజులవారి కష్టమే. గట్టి వస్తువును మెత్తని చేతికి తొడుగుట యెట్లు?

దీనికి లోకమున నాలుగు దారులు త్రొక్కుచున్నారు.

మొదటి దారి, గట్టి స్తంభములను గట్టిగనే యుంచి, వాటి నడుమ మెత్తని రబ్బరును పోయుట. పూసలు గట్టివైనను దండ వంగును గదా. అయితే రాగి రేకులు పలుమార్లు వంగిన తెగిపోవును. అందుచే గాలియము, ఇండియము అను లోహములను కలిపి, గది వేడిలోనే ద్రవముగా నుండు మిశ్రమలోహమును సన్నని కాలువలలో నింపుచున్నారు. ద్రవము తెగదు, రబ్బరు సాగినప్పుడు తానును సాగును. 2021లో అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయమువారు ఇట్టి వస్తువును ఉంగరమువలె వ్రేలికి తొడుగునట్లు చేసిరి. అది తెగినచో తిరిగి అతుకుకొనునట్లు దాని మెత్తని భాగమును రూపొందించిరి.

రెండవ దారి అచ్చువేయుట. ఉష్ణవిద్యుత్ పదార్థమును పొడిచేసి, సిరావలె కలిపి, బట్టపై అచ్చు వేయుదురు. 2014లో దక్షిణ కొరియాలోని కైస్ట్ సంస్థవారు గాజు నూలు బట్టపై ఇట్లు అచ్చువేసి, పలుచగను తేలికగను వంగు పట్టీని చేసి చూపిరి.

మూడవ దారి, పెళుసుకాని పదార్థమునే వెదకుట. 2018లో చైనాలోని షాంఘై సెరామిక్సు సంస్థవారు వెండి, గంధకముల సమ్మేళనమైన సిల్వర్ సల్ఫైడు గది వేడిలోనే లోహమువలె వంగునని కనుగొనిరి. వెండి పాత్రలు నల్లబడినప్పుడు మీరు తుడుచు మసి ఏదో, అదియే ఈ పదార్థము. మన ఇండ్లలోని మసిలో ఇంతటి గుణమున్నదని ఎవరనుకొనిరి?

నాలుగవ దారి మనకు అన్నింటికన్న దగ్గరది. అది పట్టు.

మన తాలూకాలలో మల్బరీ తోట లేని పల్లె లెన్ని? ఇక్కడ కూర్చున్న తల్లులలో ఎందరో నాలుగవ జ్వరము నుండి లేచిన పురుగులకు రాత్రి రెండు గంటలకు లేచి ఆకు వేసినవారు. శిడ్లఘట్ట గూళ్ళ మార్కెట్టులో ధర పడిపోయిన దినమున ఇంటిలో పొయ్యి వెలిగించుటకు మనసు రానివారు. వేడి నీళ్ళలో గూళ్ళు వేసి చరఖా వద్ద నూలు తీయుచు వ్రేళ్ళు ఉడికినవారును కలరు. ఆ నూలునే స్వీడను దేశములోని చామర్స్ విశ్వవిద్యాలయమువారు 2017లో తీసికొని, విద్యుత్తును పోనిచ్చు ఒక ప్లాస్టిక్ ద్రవములో ముంచి, రంగు వేసినట్లు వేసిరి. ఆ నూలు నల్లని నీలి రంగు తిరిగి, విద్యుత్తును పోనిచ్చు తీగె యైనది. దానిని యంత్రములో పలుమార్లు ఉతికినను గుణము చెడలేదు. ఆ నూలుతో ఒక బట్టపై 26 కాళ్ళు కుట్టి, వేడిభేదము నుండి విద్యుత్తు పుట్టుటను చూపిరి. అంతకు ఒక సంవత్సరము ముందు, 2016లో, చైనాలో పట్టు పరిశోధనకు పేరుగన్న నైరుతి విశ్వవిద్యాలయమువారు పట్టు బట్టకు రెండు వైపుల బిస్మత్తు, ఆంటిమొనీల టెల్లూరైడులను పట్టించి చేతికి కట్టునట్లు చేసిరి.

పట్టునే యేల ఎన్నుకొనిరి? దానికి బలమున్నది, మెత్తదనమున్నది, చర్మమునకు పడును, వేడిని త్వరగా పోనీయదు. పట్టుచీర చలిలో వెచ్చగా నుండుటకు కారణమైన గుణమే ఇక్కడ పనికి వచ్చినది. ఈ పట్టు పట్టీలు ఇచ్చిన శక్తి యెంత యని మీరడుగవచ్చును. చాల స్వల్పము. మిల్లీవాటులు కావు, మైక్రోవాటులును కావు. చైనా వారి బట్ట ఇచ్చినది నానోవాటులలో, అనగా వాటులో వందకోట్లవ వంతుల లెక్కలో నున్నది. మా అమ్మగారి చెవి యంత్రమునకు అది చాలదు. దారి తెరచుకొన్నది, ఊరింకను దూరమున నున్నది. ఆ దూరము నడువవలసినవారు ఈ సభలో పలుచని చాపల మీద కూర్చున్న పిల్లలే కావచ్చునని నా ఆశ.

బిస్మత్తు టెల్లూరైడుతో చేసిన మంచి పట్టీలు మాత్రము, గదిలో ఊరక కూర్చున్న మనిషి చేతిపై, చదరపు సెంటీమీటరునకు 10 నుండి 30 మైక్రోవాటుల వరకు ఇవ్వగలవు. 20 అనుకొందము. మా అమ్మగారి చెవి యంత్రమునకు కావలసిన ఒక మిల్లీవాటుకు 50 చదరపు సెంటీమీటరుల పట్టీ చాలును. అనగా మణికట్టు చుట్టు రెండు వ్రేళ్ళ వెడల్పు. నాలుగు గాజులు తొడుగు చోటు. ఇది కల కాదు, లెక్క. చేతి గడియారము 1998లోనే ఇట్లు నడచినది. జపాను దేశపు సైకో సంస్థవారు మణికట్టు వేడిమితో నడచు గడియారమును ఆ సంవత్సరము అమ్మకమునకు పెట్టిరి.

నేను ఈ సంగతులను మన పల్లెలలో చెప్పినప్పుడు తల్లిదండ్రులు మూడు ప్రశ్నలు అడుగుచుందురు. వాటికి జవాబు చెప్పి ముగించెదను.

“అయ్యవారూ, కరెంటు ఒంటికి కట్టుకుంటే షాకు కొట్టదా?” అని మొదటిది. కొట్టదు. మన ఇంటి విద్యుత్తు 230 వోల్టులు. ఈ పట్టీలో పుట్టునది వోల్టులో కొన్ని వందవ వంతులు. పెంచిన తరువాతను టార్చిలైటు బ్యాటరీ అంతయే. ఒంటిలోని వేడి తగ్గి జబ్బు చేయునేమో యన్న భయమును వలదు. గాలిలోనికి ఎట్లును పోవు వేడిలో నుండియే ఇది తన పాలు తీసికొనును.

“దీంతో సెల్‌ఫోను చార్జి అవుతుందా?” అని రెండవది. పిల్లలు మరింత ఉత్సాహముతో అడుగుదురు. సామాన్యమైన ఫోను బ్యాటరీలో సుమారు 15 వాట్‌ గంటల శక్తి పట్టును. నేను చెప్పిన రెండు వ్రేళ్ళ పట్టీ దానిని నింపవలెనన్న 15,000 గంటలు, అనగా 20 నెలలకు పైగా పట్టును. కనుక ఫోనునకు ఇది పనికిరాదు. చెవి యంత్రము, నాడిని చూచు చిన్న సాధనము, జ్వరమును కనిపెట్టు పట్టీ, ఇట్టి అల్పాహారులకే ఇది అన్నము పెట్టగలదు. అయితే అల్పమైనది అక్కరలేనిది కాదు. బ్యాటరీ మార్చుటకు బస్సెక్కవలసిన ముసలివారికి అదియే గొప్ప.

పెద్ద పనులకు పెద్ద వేడిభేదము కావలెను. రెండవ మహాయుద్ధము ముగిసిన తరువాత సోవియట్ దేశమున విద్యుత్తు లేని పల్లెలలో కిరసనాయిలు దీపపు గాజు చిమ్నీపై ఇట్టి స్తంభములను అమర్చి, ఆ వేడితోనే రేడియో విన్నారు. 1977లో అమెరికా వారు పంపిన వాయేజర్ నౌకలు సూర్యకాంతి చాలని దూరములకు పోయి, ప్లుటోనియము విడుచు వేడి నుండి ఈ విధముగనే విద్యుత్తును పొంది, 40 ఏండ్లకు పైగా మనకు వార్తలు పంపినవి. పెద్దమ్మగారి అరచేతిలో ముల్లును కదల్చిన సూత్రమును, నక్షత్రముల నడుమ నౌకను మాట్లాడించిన సూత్రమును ఒక్కటే.

“ఇవన్నీ విదేశాల సంగతులు గదా, మన పిల్లలకేమి సంబంధం?” అని మూడవది. ఇందులకు దూరము పోనక్కరలేదు. బెంగళూరు నుండి చిక్కబళ్ళాపురమునకు వచ్చు దారిలో జక్కూరు ఉన్నది. అక్కడ 1989లో స్థాపింపబడిన జవహర్‌లాల్ నెహ్రూ ఉన్నత శాస్త్ర పరిశోధన కేంద్రమున్నది. అచ్చటి కనిష్క బిశ్వాస్‌గారును వారి బృందమును వెండి, ఆంటిమొనీ, టెల్లూరియముల సమ్మేళనమునకు కొద్దిగా కాడ్మియము చేర్చి, పరమాణువులు క్రమముగా అమరునట్లు చేసి, సుమారు 300 డిగ్రీల వద్ద అత్యుత్తమ ఫలితమును సాధించి, 2021లో సైన్స్ అను పత్రికలో ప్రకటించిరి. అది దేహపు వేడికి కాదు, కార్ఖానాల చిమ్నీలలో వృథాయగు వేడికి పనికివచ్చునది. అయినను విద్య యొక్కటే. మన బస్సులు ఆ ఊరి ప్రక్కగానే పోవుచున్నవి. మనము కిటికీలో నుండి చూచుట లేదు.

మరియొక సంగతి. కెనడా దేశమున ఆన్ మకోసిన్‌స్కీ అను బాలిక యుండెను. ఫిలిప్పీన్సు దేశములోని తన స్నేహితురాలు ఇంటిలో దీపము లేక చదువులో వెనుకబడినదని విని, అరచేతి వేడిమితో వెలుగు టార్చిని చేసినది. బోలుగా నున్న అల్యూమినియము గొట్టమునకు పెల్టియే పలకలను అంటించినది; చేయి పట్టుకొనిన వైపు వేడి, గొట్టము లోపల గాలి చల్లన. 2013లో గూగుల్ సైన్స్ ఫెయిర్ అను ప్రపంచ పోటీలో తన వయసు పిల్లల తరగతిలో బహుమతి పొందినది. అప్పటి కామె హైస్కూలు విద్యార్థిని. ఆమె వాడినది ఈ బల్ల మీద నున్న పలక వంటిదే. ఆమె కున్నదియు మన పిల్లలకు లేనిదియు పలక కాదు. “చేసి చూడు” అని చెప్పిన పెద్దలు.

గౌరిబిదనూరు తాలూకా హొసూరులో పేద కుటుంబమున 1920లో పుట్టిన హెచ్. నరసింహయ్యగారు చదువు కొరకు కాలినడకన బెంగళూరు చేరి, భౌతికశాస్త్రము నేర్చి, విశ్వవిద్యాలయమునకు ఉపాధ్యక్షులై, తిరిగి మన బాగేపల్లిలో కళాశాల వెలయుటకు కారకులైరి. ఆయన నడచిన దారిలో మన పిల్లలకిప్పుడు బస్సులు కలవు. పదవ తరగతి కాగానే ఆడపిల్లను చరఖా వద్ద కూర్చుండబెట్టుట మాత్రము ఇంకను మానలేదు. గూళ్ళ ధర పడిన సంవత్సరమున చేతులు కావలెనని మీకు తోచుట నాకు తెలియును. మా ఇంటిలోను అట్లే తోచినది. మా అక్కగారు అట్లే చదువు మానినది. ఆమె లెక్కలలో నాకన్న మిన్న. నేనీ వేదికపై నిలుచుండి మాటలాడుచున్నాను. ఆమె పేరు ఏ పత్రికలోను రాలేదు. మా అమ్మగారి చెవి సంగతికి నేను వేసిన లెక్కను ఆమె ఎంత దూరము తీసికొని పోయి యుండెడిదో!

కనుక నేను మిమ్ము కోరునది ఒక్కటి. మీ యింట ఒక ఉష్ణమాపకమును కొనుడు. పురుగుల మనెలో ఎట్లును అది కావలెను. ఉదయము, మధ్యాహ్నము, రాత్రి గాలి వేడి నొకమారు, మీ చేతి వేడి నొకమారు పిల్లచేత చూపించి, ఒక పుస్తకములో వ్రాయించుడు. ఇంటిలో మాటలాడు తెలుగులో వ్రాయనిండు. బడిలో కన్నడములోను ఇంగ్లీషులోను అదే లెక్కను తిరిగి వ్రాయగలదు. అమ్మతో చెప్పి చూచుకొనలేని శాస్త్రము నోటికి వచ్చును గాని చేతికి రాదు. ఒక సంవత్సరము వ్రాసినచో మన ఊరిలో ఏ నెలలో ఏ గంటకు ఈ పట్టీ పనిచేయును, ఏ గంటకు ఊరకుండునన్న పట్టిక తయారగును. స్వీడనులోను షాంఘైలోను ఎవరికిని తెలియని సంగతి అది. ఆ పట్టికను తెచ్చిన పిల్లకు ఈ బల్ల మీది పలకను, గాల్వనామీటరును ఇచ్చి ప్రయోగము చేయించుటకు మన ఉపాధ్యాయులు సమ్మతించినారు.

మా అమ్మగారు ఇప్పుడు లేరు. ఆమెకు ఆ మేళమును తిరిగి వినిపింప నావలన కాదు. మీ ఇండ్లలో పెద్దలున్నారు. పట్టు నూలు వ్రేళ్ళ సందున పోనిచ్చిన చేతులున్నవి. ఆ చేతుల వేడిమియే ఒకనాడు వారి చెవులకు పాట వినిపించునట్లు చేయగల పిల్ల, ఈ చాపల మీద నున్నదేమో. ఆమెను చదువనిండు.